మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్'లో పాటలన్నీ ఒకేలా ఎందుకు వినిపిస్తాయి?

మీరు అడిగింది ఇది: "అమెరికా నల్లజాతివాళ్ల సోల్ సంగీతం ఈమధ్యే వినడం మొదలుపెట్టాను. అందరూ మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వినమన్నారు. రెండుసార్లు విన్నాను. గొంతు బాగుంది గానీ పాటలన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది ఎక్కడ అయిపోయిందో కూడా తెలియలేదు. ఇందులో అంత గొప్పేముంది? కంపెనీ యజమానే దీన్ని వద్దన్నాడట, నిజమేనా? దీని తర్వాత ఏం వినాలి?"

యజమాని వద్దన్న మాట నిజమే, కాకపోతే వద్దన్నది మొత్తం ఆల్బమ్‌ను కాదు, అదే పేరున్న మొదటి పాటను. ఇక మొదటి ప్రశ్నకు సూటిగా చెప్తాను. మీ చెవి మిమ్మల్ని మోసం చెయ్యలేదు, సరిగ్గానే విన్నారు. తొమ్మిది పేర్లు పెట్టుకున్న ఒకే ఒక్క 35 నిమిషాల పాట అది. ఏది ఎక్కడ అయిపోయిందో తెలియకూడదనే అలా కట్టారు. మీకు లోపంగా తోచిందీ, ఇన్నేళ్ల తర్వాత కూడా జనం దాన్ని నెత్తిన పెట్టుకోవడానికి కారణమూ రెండూ ఒక్కటే.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. అంతకుముందు పెళ్లిళ్లలో, గణపతి నవరాత్రుల్లో ఆర్కెస్ట్రాకు బేస్ గిటార్, అంటే పాట అడుగున మంద్రంగా మోగే గిటార్, వాయించేవాణ్ణి. ఈ ఆల్బమ్ నాకు మొదట దొరికింది ఎవరో కాపీ కొట్టిచ్చిన క్యాసెట్‌లో. మాటలు సగం అర్థమయ్యేవి కావు. బేస్ మాత్రం అర్థమైంది. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు అది తయారైన ఇంటి గురించి చెప్పాలి.

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు మోటౌన్ రికార్డు కంపెనీది. యజమాని బెర్రీ గోర్డీ ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలో కూలిపని చేసినవాడు. అక్కడ ఒక్కో బిగింపూ ఒక్కో చోట పడుతూ చివరికి కారు బయటకొచ్చే పద్ధతినే పాటలకూ పెట్టాడు. రాసేవాళ్లు రాస్తారు, వాయించేవాళ్లు వాయిస్తారు, గాయకుడు వచ్చి ముందే రికార్డు చేసి సిద్ధంగా ఉన్న వాయిద్యాల ట్రాక్ మీద పాడి వెళ్తాడు. ఆ పైన ఒక కమిటీ కూర్చుని ఏ పాట బయటకు పోవాలో, ఏది అటక ఎక్కాలో తేలుస్తుంది. ఈ పద్ధతిలో అద్భుతమైన పాటలు వచ్చాయి, నేను తక్కువ చెయ్యను. కానీ కమిటీ అన్నాక పొరపాట్లూ ఉంటాయి. మార్విన్ గే పాడిన 'ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్'ను మొదట అటకెక్కించారు. ఏడాది దాటాక, 1968లో, బయటకొచ్చి అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కిందకు వచ్చాక పనికొస్తుంది.

1970 నాటికి గే మనసు బాగాలేదు. అతనితో యుగళగీతాలు పాడిన టామీ టెరెల్ 1967లో వేదిక మీదే అతని చేతుల్లో కుప్పకూలింది. మెదడులో కణితి. 1970 మార్చిలో, 24 ఏళ్లకే పోయింది. తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి అక్కడ చూసింది చెప్తుంటే గే కూర్చుని ఏడ్చేవాడట. తానుంటున్న డెట్రాయిట్‌లో 1967 అల్లర్లలో 43 మంది చచ్చిపోయారు. ఇవన్నీ కళ్లెదుట పెట్టుకుని మళ్లీ అవే ప్రేమపాటలు పాడమంటే అతని నోరు పెగల్లేదు. కొన్నాళ్లు పాటే వదిలేసి, డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చేరతానని బరువులెత్తి సాధన చేశాడు.

'వాట్స్ గోయింగ్ ఆన్' పాట మాత్రం వేరేచోట పుట్టింది. మోటౌన్‌లోనే ఫోర్ టాప్స్ అనే బృందం ఉండేది. అందులో ఓబీ బెన్సన్ 1969 మేలో కాలిఫోర్నియాలో బర్క్‌లీ మీదుగా వెళ్తూ, పీపుల్స్ పార్క్ దగ్గర పిల్లల మీద పోలీసులు విరుచుకుపడటం చూశాడు. ఇక్కడ ఏం జరుగుతోంది అన్న ఆ ప్రశ్నే పాటకు పల్లవి అయింది. అల్ క్లీవ్‌లాండ్‌తో కలిసి రాశాడు. సొంత బృందం వాళ్లే, ఇది నిరసన పాట, మనకొద్దన్నారు. గే దగ్గరకొచ్చింది. గే దాన్ని వేరే బృందానికి ఇద్దామనుకుని, చివరికి తానే పాడాడు, మాటలూ వరసా తన పద్ధతిలోకి తిప్పుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, నిర్మాత బాధ్యత కూడా తానే తీసుకున్నాడు. సిద్ధమైన ట్రాక్ మీద పాడి వెళ్లే మనిషి ఇప్పుడు గదిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పే మనిషి అయ్యాడు.

1970 జూన్‌లో టైటిల్ పాట రికార్డింగ్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ ఆల్బమ్ రహస్యమంతా ఆ గదిలోనే ఉంది.

పాట మొదట్లో శాక్సఫోన్ మీద ఒక చిన్న పలుకు వస్తుంది కదా, గాల్లోకి వదిలేసినట్టు? అది వాయించింది ఎలై ఫాంటెయిన్. నిజానికి అతను అప్పటికి పని మొదలుపెట్టలేదు. నోటికి, వేళ్లకు వేడి పుట్టించుకుంటూ ఏదో ఊదుతున్నాడు. టేప్ తిరుగుతోంది. గే అది విని, నీ పని అయిపోయింది, ఇక ఇంటికెళ్లు అన్నాడట. ఊరికే ఊదుతున్నానండీ అని అతనంటే, అదే కావాలన్నాడు. స్టూడియోలో పనిచేసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. మేము రోజూ చెరిపేసేది సరిగ్గా అలాంటివే. సన్నాయి విద్వాంసుడు కూర్చోగానే పీక తడుపుకుని రెండు సంగతులు ఊదుతాడు, తబలా ఆయన శ్రుతి చూసుకుంటూ ఒక ముక్క వాయిస్తాడు. 'రెడీయా సార్' అని మేం అడిగాక వాయించే దాంట్లో ఆ సుఖం ఉండదు. గే దాన్ని పట్టుకున్నాడు.

ఆ శాక్సఫోన్ వెనక వినిపించే పలకరింపులు, నవ్వులు కూడా నటులవి కావు. లయన్స్ జట్టులో ఆడే మెల్ ఫార్, లెమ్ బార్నీ, మరికొందరు మిత్రులు. యుద్ధం గురించిన పాట ఒక ఇంట్లో పార్టీలా మొదలవుతుంది. చాలారోజుల తర్వాత ఊరికొచ్చినవాణ్ణి అందరూ చుట్టుముట్టి ఎలా ఉన్నావురా అంటున్నట్టు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడు వింటున్న సందడి అది.

ఇక బేస్. వాయించింది జేమ్స్ జేమర్‌సన్. ఈ పాటకు అతనే కావాలని గే పట్టుబట్టాడు. ఆ రాత్రి అతను ఏదో క్లబ్బులో వాయిస్తుంటే వెతికి పట్టుకొచ్చారట. బాగా తాగి ఉన్నాడు, స్టూలు మీద నిలవలేకపోయాడు. నేలమీద వెల్లకిలా పడుకుని, గిటార్ పొట్టమీద పెట్టుకుని వాయించాడని అరేంజర్ (ఏ వాయిద్యం ఏం వాయించాలో రాసిచ్చేవాడు) డేవిడ్ వాన్ డి పిట్ చెప్పిన కథ. ఇది విని జనం తాగుడు గురించే మాట్లాడుకుంటారు. నాకు ఆ మనిషి చేతిమీద ధ్యాస. జేమర్‌సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి తోటివాళ్లు 'హుక్' అని పేరు పెట్టారు. తీగలు లావుపాటివి, చదునుగా చుట్టినవి, మెడకు బాగా ఎత్తుగా ఉండేవి. వాటిని మార్చేవాడు కాదు. పాతబడ్డ తీగ మోగదు, మూలుగుతుంది. నేను కుర్రతనంలో నెలకోసారి తీగలు మార్చి, తళతళలాడే శబ్దం కోసం తాపత్రయపడేవాణ్ణి. ఈ క్యాసెట్ విన్నాక ఏడాదిన్నర పాటు మార్చలేదు. ఆర్కెస్ట్రాలో పక్కవాళ్లు విసుక్కునేవాళ్లు గానీ, పాడేవాళ్లు మాత్రం నా పక్కకు జరిగి నిలబడేవాళ్లు.

మీరు ఈసారి గొంతును పక్కనపెట్టి బేస్ ఒక్కటే వినండి. అది తాళం వెయ్యదు. మాట్లాడుతుంది. గే ఒక మాట అని ఆగితే అది అందుకుంటుంది, అతను మొదలుపెడితే తగ్గుతుంది. ఆల్బమ్‌లో చివరి పాటల్లో కొన్నిటికి బాబ్ బాబిట్ వాయించాడు. 'ఇన్నర్ సిటీ బ్లూస్'లోది అతని బేసే. చాలామంది తేడా గమనించరు. జేమర్‌సన్‌ది కబుర్లు చెప్పే బేస్, బాబిట్‌ది నడుం వంచి నడిచే బేస్. ఆ పాటలో డబ్బులేనితనం గురించి పాడుతున్నప్పుడు అదే సరిపోయింది.

ఇప్పుడు గొంతు. మీకు పాటలన్నీ కలిసిపోయినట్టు అనిపించడానికి సగం కారణం ఇదే. గే రెండుసార్లు పాడాడు, ఏది బాగుందో పక్కపక్కన విని ఎంచుకుందామని. ఇంజనీరు కెన్ సాండ్స్ రెండు ట్రాకులూ ఒకేసారి కలిపి వినిపించాడు. పొరపాటున జరిగిందది. గే వద్దనలేదు సరికదా, ఇకమీద నేను ఇలాగే పాడతానన్నాడు. ఒకే మనిషి తనకు తాను జవాబిచ్చుకుంటాడు. ఒక గొంతు గోడు చెప్తుంది, ఇంకోటి ఊరడిస్తుంది. వాషింగ్టన్‌లో తండ్రి ప్రబోధకుడిగా ఉన్న చర్చిలో చిన్నప్పటినుంచీ పాడినవాడు, పిలుపూ మారుపిలుపూ అతని రక్తంలో ఉన్నాయి. మన భజనలో ఒకరు ఎత్తుకుంటే గోష్ఠి అందుకున్నట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ ఎత్తుకునేవాడూ అందుకునేవాడూ ఒక్కడే.

దీన్ని మామూలు 'డబుల్' అనుకోకండి. మేం స్టూడియోలో చేసే డబుల్ అంటే అదే లైను అచ్చం అలాగే రెండోసారి పాడించి గొంతు లావు చెయ్యడం. ఒకసారి భక్తిగీతాల రికార్డింగులో నేను ఈ గే పద్ధతి పెట్టాలని చూశాను. పాడే అమ్మాయి చక్కటి శిక్షణ ఉన్నది. రెండు టేకులూ కలిపితే గొంతు దళసరిగా వచ్చింది తప్ప ఏమీ జరగలేదు, ఎందుకంటే రెండూ ఒకేలా పాడింది. అప్పుడు అన్నాను: "అమ్మా, మొదటి టేకు నీ చెల్లెలు పాడిందనుకో. అది ఏడుస్తోంది. నువ్వు దాని పక్కన కూర్చుని పాడు. అన్ని మాటలూ పాడక్కర్లేదు." రెండో టేకులో చరణం మధ్య నాలుగు మాటలే పాడింది, ఒకచోట ఊఁ కొట్టింది. కన్సోల్ దగ్గర ఎవరం మాట్లాడలేదు. ఆ ఊఁ మిక్స్‌లో, అంటే గొంతులూ వాయిద్యాలూ కలిపి తేల్చిన రూపంలో, అలాగే ఉంచాం.

స్వరాల సంగతి క్లుప్తంగా: టైటిల్ పాట మేజర్ సెవెన్త్ అనే కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు) మీద మొదలవుతుంది. సంతోషం పూర్తిగా లేదు, దిగులూ పూర్తిగా లేదు, రెంటి మధ్యా వేలాడే ధ్వని. ఇళయరాజా గారి పాటలు విని పెరిగిన మన చెవులకు కొత్తేమీ కాదు. అంత బాధ ఉన్న మాటల్ని అంత మెత్తటి కార్డుల మీద పరచడం వల్లే ఆ పాట అరుపు కాకుండా పలకరింపు అయింది.

ఇక గోర్డీ ఎందుకు వద్దన్నాడు? అతని లెక్క అతనికుంది. గే అంటే ఆడపిల్లలు మురిసిపోయే ప్రేమగాయకుడు. యుద్ధం, పోలీసులు అంటూ పాడితే ఉన్న మార్కెట్ పోతుందని భయం. పైగా పాట నిండా పాత జాజ్ ధోరణి, మాటల్లేని ఆలాపనలు. రేడియోకు పనికిరాదన్నాడు. గే మొండికేశాడు. ఈ పాట విడుదల చెయ్యకపోతే మీకు ఇంకేమీ పాడనన్నాడు. నెలలు గడిచాయి. చివరికి 1971 జనవరిలో కంపెనీలో కొందరు పెద్దలు చొరవ చేసి సింగిల్‌గా, అంటే ఆల్బమ్ లేకుండా విడి పాటగా, వదిలారు. గోర్డీకి తెలియకుండానే వదిలారంటారు. మొదట వేసిన లక్ష కాపీలు ఇట్టే అయిపోయాయి. అమెరికా పాటల పట్టికలో 2వ స్థానం, సోల్ పట్టికలో 1. అంతే, యజమాని వచ్చి ఆల్బమ్ ఎప్పుడిస్తావన్నాడు.

గోర్డీని దుర్మార్గుడిలా చిత్రించడం నాకిష్టం లేదు. అమ్ముకునేవాడు అమ్ముడయ్యే ముక్క కోసం చూస్తాడు. ఇది నాకు స్వయంగా తెలుసు. 2009 ప్రాంతంలో మేం కొందరం వలసపోయే పల్లెల మీద ఎనిమిది పాటలు చేశాం, ఒకదాని నుంచి ఒకదానికి ఆగకుండా పోయేట్టు. ఒక ఆడియో కంపెనీ విని, బాగున్నాయి గానీ కాలర్ ట్యూన్‌కు ముప్పై సెకన్ల ముక్క ఎక్కడుందో చూపించండి అన్నారు. చూపించలేకపోయాం. పాటల్ని కోసి విడివిడిగా ఇమ్మన్నారు. కొయ్యడానికి రాసిన కవి ఒప్పుకోలేదు. ఆ హార్డ్ డిస్క్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందుకే గే మొండితనం గురించి చెప్పేటప్పుడు ఒక మాట కలుపుతాను: అతని వెనక 'గ్రేప్‌వైన్' విజయం ఉంది, అతని భార్య అన్నా సాక్షాత్తూ యజమాని అక్క. ఆ రెండూ లేని గాయకుడు అలా భీష్మిస్తే పాట అటకమీదే ఉండిపోయేది. మోటౌన్‌లో అలా ఉండిపోయినవి ఎన్నో.

మిగతా ఆల్బమ్ సంగీతమంతా 1971 మార్చిలో రెండు వారాల లోపే రికార్డయింది. ఈ తొందర మంచే చేసిందని నా నమ్మకం. అదే గది, అదే మనుషులు, అదే ఊపిరి. గేకు స్వరలిపి రాయడం చేతకాదు, తనకు వినిపించేది పాడి చూపిస్తే వాన్ డి పిట్ కాగితం మీద పెట్టేవాడు. తంత్రీవాద్యాలకు డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్లొచ్చారు. ఏప్రిల్ మొదట్లో డెట్రాయిట్‌లోనే ఒక మిక్స్ పూర్తి చేశారు, అది గేకు నచ్చలేదు. లాస్ ఏంజెలెస్ వెళ్లి మేలో మళ్లీ మిక్స్ చేయించాడు, 21న విడుదలైంది. ఆ మొదటి మిక్స్ 2001లో వచ్చిన ప్రత్యేక ఎడిషన్‌లో ఉంది. మిక్సింగ్ నేర్చుకునే పిల్లలకు నేను రెండూ పక్కపక్కన వినిపిస్తాను. పాటలు అవే, వాయిద్యాలు అవే. ఒకదాంట్లో మనం స్టూడియోలో కూర్చున్నట్టుంటుంది, ఇంకోదాంట్లో కలలో ఉన్నట్టుంటుంది.

అట్ట మీద వాద్యకారులందరి పేర్లూ వేశారు. పదేళ్లకు పైగా హిట్ తర్వాత హిట్‌కు వాయించిన మనుషులు, మోటౌన్ ఆల్బమ్ అట్ట మీద వాళ్ల పేర్లు అలా వెయ్యడం అదే మొదటిసారి. పిలిచినచోటికల్లా వెళ్లి వాయించే సెషన్ ప్లేయర్‌గా బతికినవాణ్ణి కాబట్టి ఈ వాక్యం దగ్గర నా గొంతు పట్టేస్తుంది.

జనం ఎలా తీసుకున్నారంటే, ఆల్బమ్ పాప్ పట్టికలో 6 దాకా వెళ్లింది, సోల్ పట్టికలో 1. 'మెర్సీ మెర్సీ మీ' 4వ స్థానానికి, 'ఇన్నర్ సిటీ బ్లూస్' 9కి చేరాయి. ఒకటి గాలీ నీళ్లూ పాడవడం గురించి, ఇంకోటి పన్నులూ బస్తీ బతుకుల గురించి. రేడియోకు పనికిరాదన్న సరుకులోంచి మూడు పాటలు తొలి పదిలోకి వచ్చాయి. అలాగని అంతటా పల్లకీలో ఊరేగించారని కాదు. అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీలు ఒక్కటీ రాలేదు. బ్రిటన్‌లో అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. అదే బ్రిటన్‌లో 1985లో ఎన్.ఎం.ఇ. అనే సంగీత పత్రిక దీన్ని అన్ని కాలాల ఆల్బమ్‌లలో మొదటిదన్నది. అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 6గా ఉన్నది 2020లో 1కి వచ్చింది. మీకు వినమని చెప్పినవాళ్లు ఈ జాబితా చూసే చెప్పి ఉంటారు.

జాబితాల్ని పక్కన పెట్టి ఈసారి ఇలా వినండి. ఫోన్ స్పీకర్‌లో కాదు, ఇయర్‌ఫోన్స్‌లో. షఫుల్ తీసెయ్యండి, పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. మొదటి పాట నుంచి రెండోది 'వాట్స్ హాపెనింగ్ బ్రదర్'లోకి జారే చోట చూడండి: పార్టీ అయిపోయింది, ఇప్పుడు ఆ తిరిగొచ్చినవాడు ఒంటరిగా మాట్లాడుతున్నాడు, ఉద్యోగం దొరుకుతుందా, ఊళ్లో ఏం మారింది అని అడుగుతున్నాడు. తర్వాత మత్తు, పిల్లలు, దేవుడు, నేల, నీళ్లు. 'మెర్సీ మెర్సీ మీ' చివర్లో అంతదాకా ఎండగా ఉన్న పాట మీద ఒక్కసారి మబ్బు కమ్ముతుంది, ఆ కొన్ని సెకన్లు వదలకండి. అన్నిటికన్నా చివర 'ఇన్నర్ సిటీ బ్లూస్' అయిపోతుందనగా అమ్మను పిలిచే మొదటి పాట వరస మళ్లీ తిరిగొస్తుంది. మీరు రెండుసార్లు విన్నప్పుడు దాన్ని పట్టుకోలేదనుకుంటున్నాను. పట్టుకున్నాక 'ఒకేలా ఉన్నాయి' అన్న మాట మీకే వేరుగా వినిపిస్తుంది.

ఒక్క సంగతి దాచను. 'రైట్ ఆన్' కొంచెం సాగుతుంది, ఏడున్నర నిమిషాలు. మొదట్లో నాకూ అక్కడ ధ్యాస చెదిరేది. అక్కడ ఫ్లూటును పట్టుకుని నడవండి, దారి దొరుకుతుంది.

తర్వాత ఏం వినాలంటే, స్టీవీ వండర్ 1972 నుంచి చేసిన ఆల్బమ్‌లు వరసగా. గే తెరిచిన తలుపులోంచే ఆయనా వచ్చాడు, తన సంగీతం తానే నిర్మించుకునే హక్కు అదే కంపెనీలో సాధించుకున్నాడు. కానీ దానికన్నా ముందు డానీ హాథవే 1972 'లైవ్' రికార్డు పెట్టండి. అందులో మొదటి పాట ఈ 'వాట్స్ గోయింగ్ ఆన్'నే. గే రెండు గొంతులతో చేసింది హాథవే ఒక్క గొంతుతో, ఎదురుగా కూర్చున్న జనంతో చేస్తాడు. రెండో గొంతు వాళ్లదే.